మలుగుచేప పొలుసులు

న్యూజిలాండ్‌లో మేముండే పాపకూర అనే ఊరి శనివారం సంతలో పొగబెట్టిన మలుగుచేప వాసన తగిలితే ఇప్పటికీ నా అడుగు ఆగిపోతుంది. నోరూరుతుంది, సిగ్గూ వేస్తుంది. ఈ రెండింటిలో ఏది ముందో ఐదేళ్లయినా తేల్చుకోలేకపోయాను.

దీనమ్మ ఆంటీది కాకినాడ వైపు. ఇక్కడ ఒక వృద్ధాశ్రమం వంటింట్లో పనిచేసేవారు. శుక్రవారం సాయంత్రాలు పదిమందిమి ఆవిడ ఇంట్లో ప్రార్థనకు కూడేవాళ్లం. నన్ను బాప్తిస్మం దాకా నడిపించింది ఆవిడే. కోల్డ్ స్టోరేజీలో సరుకు లెక్క చూడటం నా పని. చదువు ఇంటర్‌తో ఆగింది, లెక్కలు సొంతంగా నేర్చుకున్నవి. అందుకే కాబోలు, మోషే ధర్మశాస్త్రంలో తినదగినవీ తినరానివీ కనబడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. మిగతా చోట్లంతా విశ్వాసం, కృప. ఇక్కడ మాత్రం లెక్క ఉంది. గీతలు గీసి పట్టిక వేశాను: డెక్క చీలిందా, నెమరు వేస్తుందా, రెక్కలున్నాయా, పొలుసులున్నాయా.

మాది అనంతపురం. మేకల సంగతి తెలుసు గాని చేపల సంగతి తెలియదు. రెక్కలంటే ఎగిరేవే అనుకుని చేపలన్నిటికీ ఇంటూ పెట్టేశాను. ఆంటీ ఆ కాగితం చూసి, కళ్లజోడు తీసి మరీ నవ్వారు.

"ఏంటి బాబూ, చేపలు కొంగల్లాగా ఎగరాలా? ఈతకొట్టే రెక్కలయ్యా అవి. మేం వాజాలంటాం."

"దిద్దుతానాంటీ. ఇంతకీ ఈ నియమాలు మనకున్నట్టా, లేనట్టా?"

"పేతురుకి దుప్పట్లో దిగినవి జంతువులు. తర్వాత తలుపు కొట్టింది మాత్రం మనుషులు. ఆ రెండూ కలిపి చూడు."

ఆ కథ నాకు తెలుసు. ఆకాశం నుంచి దిగిన దుప్పటి నిండా అన్ని రకాల జంతువులు, తినమని ఒక స్వరం. అంతలో పేతురు వాకిట్లో, యూదులు గడప తొక్కని అన్యులు పంపిన మనుషులు. కలిపి చూశాను, లెక్క కుదరలేదు. పైగా ఆంటీ పంది మాంసం ముట్టరు. ఎందుకని అడిగితే, "అలవాటయ్యా, దేవుడికి చెప్పుకున్నాన్లే" అన్నారు.

2014 చలికాలంలో ఆవిడకు మోకాలి ఆపరేషన్ అయింది. ఒంటరి మనిషి. పక్కింటావిడ హిరా, ఈ దేశపు మూలవాసులైన మావోరీల మనిషి, రోజూ వచ్చి స్నానం చేయించి వెళ్లేది. ఒకరోజు నేనుండగా, తమ్ముడు పట్టిన మలుగుచేపను పొగబెట్టి తెచ్చి, మొదటి ముక్క నా వైపు చాచింది. పాములాంటి నున్నటి చర్మం. పొలుసన్నది కనబడలేదు. "సారీ, బైబిల్ ప్రకారం ఇది అన్‌క్లీన్" అన్నాను.

హిరా ముక్క వైపు చూసుకుంది. "శుభ్రంగానే కడిగానే" అంది మెల్లగా. "రెండుసార్లు." పళ్లెం తీసుకుని వెళ్లిపోయింది.

ఆంటీ నన్ను మంచం పక్కన కూర్చోమన్నారు. "మా అమ్మ చేపలమ్మేది. కొనేవాళ్లు చేపలు తీసుకునేవాళ్లు గాని మా ఇంట్లో మంచినీళ్లు తాగేవాళ్లు కాదు. వాళ్లకీ ఓ పట్టిక ఉండేదిలే బాబూ."

"నేను మనిషిని అనలేదాంటీ, చేపని అన్నాను."

"పట్టుకొచ్చింది మనిషేగా."

మర్నాడు హిరా రాలేదు. మూడోరోజు ఆంటీ ఒక్కరే స్నానానికి లేవబోయి తూలి, గోడ పట్టుకుని నిలదొక్కుకున్నారట. ఆ సాయంత్రం చేపల గురించి వెతికి చదివాను. మలుగుకు పొలుసులున్నాయట. చర్మంలో దిగబడిన, కంటికానని పొలుసులు. అంటే తప్పుడు లెక్కతో ఆవిడను నొప్పించాను. మరి నిజంగానే లేకపోతే, నొప్పించడం ఒప్పయ్యేదా?

"పొలుసులున్నాయట" అని చెబుదామని హిరా తలుపు తట్టాను. ముఖం చూశాక ఆ మాట మింగేసి, క్షమించమన్నాను. చేప మిగిలిందా అని అడిగాను.

"ఇప్పుడు నువ్వు తినొచ్చా?"

"తెలియదు."

"దీనా కోసం వస్తాను. నీ కోసం కాదు" అంది. ముక్క మాత్రం పెద్దదే కోసింది.

ఆంటీ పోయి ఏడాదైంది. పెద్దలను అడిగి చూశాను. ఆ నియమాలు క్రీస్తుతో నెరవేరిపోయాయన్నారు ఒకరు. ఆరోగ్యం కోసమన్నారు ఇంకొకరు. ఇశ్రాయేలును వేరుగా ఉంచడానికన్నారు మరొకరు. విడివిడిగా మూడూ సరిగ్గానే వినిపిస్తాయి. కలిపితే ఏమీ తేలదు.

ఇప్పుడు ఎవరి ఇంట్లోనైనా నాకు సందేహమున్నది వడ్డిస్తే "నేను తినను" అంటాను. "ఇది తినరానిది" అనను. దేవుడి మాటను అలా సగం మింగడం తప్పేమో. ఆ రెండు వాక్యాల మధ్య దూరం ఎంతో కొలవలేకపోయాను. మొదటిది విన్నాక మాత్రం ఇంతవరకు ఎవరూ లేచి వెళ్లిపోలేదు.