ఇష్టపడే ఇచ్చిన ఎకరా

దీనమ్మకు నలభై నాలుగేళ్లు. పుల్లలచెరువు మండలంలో కూలి చేసుకునే ఇంట పుట్టింది. వైకల్యం ఉన్న పిల్లలకు చదువు చెప్పే కాంట్రాక్టు ఉద్యోగంలో పదిహేడేళ్లుగా ఉంది. ఇప్పుడు కొనకనమిట్ల వైపు ఒక ఉన్నత పాఠశాల వరండాలో ఆమె తరగతి. పిల్లలు తొమ్మిదిమంది. అక్కడ పాఠాల కన్నా ఎక్కువగా నడిచేది ఆఫీసు ఆట.

బల్ల వెనక ఆమె ఆఫీసరుగా కూర్చుంటుంది. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి, అడిగినదానికి తడబడకుండా జవాబు చెప్పి సంతకం పెట్టాలి. తల ఊపితే కుదరదు. బ్యాంకులో నోరు మెదపని పిల్లలను ‘పెద్దోళ్లను తీసకరాపో’ అని పంపేయడం ఆమె చాలాసార్లు చూసింది.

“మీరు ఇంకా కసురుకోవాల మేడమ్. నిజం ఆఫీసు సార్లు ఇంత మంచిగా ఉండరు,” అంటుంది చక్రాల కుర్చీలోంచి ఇందు.

“నీ వంతు రానీలే, చూద్దువుగానీ.”

వాళ్లలో చెన్నకేశవులు పెద్దవాడు. పద్దెనిమిది నిండాయి. ఏ సంగతైనా అతనికి నిదానంగా బుర్రకెక్కుతుంది. ఎక్కింది ఇక దిగదు. సంతకానికి ఏడు నెలలు పట్టింది. ‘కేశవులు’ అని పొట్టిగా రాయమంటే ఒప్పుకోలేదు. “మా నాయన పెట్టింది మొత్తం రాస్తా మేడమ్,” అన్నాడు.

ఆ నాయన అంకయ్య చనిపోయే ముందు ఇద్దరు కొడుకుల పేర చెరో ఎకరా రాయించాడు. బడి అయిపోయాక ఆ ఎకరాలో చెన్నకేశవులు మేకలు పెంచుకుని, ఎవరి చెయ్యీ చూడకుండా బతకాలని గురువూ శిష్యుడూ అనుకున్నారు. వేసవిలో కొట్టానికి గుంజలు పాతారు. రెండు మేకలు కూడా వచ్చాయి.

తల్లిదండ్రుల సమావేశానికి అతని అన్న మురళీధర్ వచ్చాడు. మామూలుగా ఆ సమావేశాలకు తల్లులు తప్ప ఎవరూ రారు.

“ఆఫీసుల్లో ఏమేమి అడుగుతారు మేడమ్? కాగితం మీద రాసియ్యండి. ఇంటికాడ నేను గూడా చెప్పిస్తా.”

దీనమ్మ సంతోషంగా రాసిచ్చింది. పేరేంది, తండ్రి పేరేంది, ఏ ఊరు, ఇష్టపడే చేస్తున్నావా. చివరిదానికి జవాబు కూడా రాసింది: అవును సార్, ఇష్టపడే.

నెల తిరగకముందే మురళీధర్ ఆమె ఫోనుకు ఒక ఫోటో పంపాడు. ఏదో ఆఫీసు బల్ల, దాని మీద వంగి సంతకం చేస్తున్న చెన్నకేశవులు. ‘మీరు నేర్పినట్లే చేసినాడు మేడమ్’ అని కింద రాశాడు. పింఛను పని అనుకుంది దీనమ్మ. ‘నా విద్యార్థి, ఎవరి సాయమూ లేకుండా’ అని రాసి ఆ ఫోటోను టీచర్ల గ్రూపులో పెట్టింది. చాలామంది మెచ్చుకున్నారు.

మేకల పనిలో పడి బడికి రావడం తగ్గించిన చెన్నకేశవులు, ఆరు వారాల తర్వాత ఒక్కడే బస్సెక్కి బడికి వచ్చాడు.

“అన్న కొట్టం పీకేసినాడు మేడమ్. మేకల్ని తోలేయమంటున్నాడు. చేను నాది కాదంట.”

ఆమె అతని వెంట ఇంటికి వెళ్లింది. మురళీధర్ మంచం వాల్చి కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు. అతను సంగతి దాచలేదు. తమ్ముడు తన ఎకరాను అన్నకు దానమిచ్చినట్లు రిజిస్ట్రేషన్ అయింది.

“మోసం ఏందమ్మా ఇందులో? ఆఫీసరు రెండుసార్లు అడిగినాడు. వాడు గట్టిగా చెప్పినాడు, ఇష్టపడే అని. అక్కడుండే వాళ్లంతా మెచ్చుకున్నారు. మీరు బాగా నేర్పినారు.”

“ఏం రాసుందో వానికి చదివి చెప్పినావా?”

“చెప్తే వానికేం తెలుస్తాది?”

“తెలిసేదాకా చెప్పాల. నేను సంతకానికి ఏడు నెలలు చెప్పినా.”

“వానికి అన్నం నేను పెట్టనా? పెట్టనని ఎవరన్నా అన్నారా?”

తల్లి వెంకాయమ్మ చాటలో బియ్యం ఏరుతోంది. దీనమ్మ ఆమె వైపు చూసింది. వెంకాయమ్మ చాట తీసుకుని లోపలికి పోయింది.

చెన్నకేశవుల్ని వెంటబెట్టుకుని మార్కాపురం వెళ్తే, ఒక వకీలు రిజిస్ట్రేషన్ కాగితాల నకలు చూశాడు. కేసు వేయవచ్చన్నాడు. తరువాత ఆమె ఫోనులో ఫోటోనూ, దాని పక్కన ఆమె రాసిన మాటనూ చూశాడు.

“ఎవరి సాయమూ లేకుండా అని మీరే రాసినారు కదమ్మా. ముందు దీన్నే చూపిస్తారు వాళ్లు. అతనికి అన్నీ తెలుసని మీ చేతే చెప్పిస్తారు.”

అతనికి తెలియదని చెప్పాలంటే, తను నేర్పిందంతా ఉత్తదని దీనమ్మ కోర్టులో నిలబడి చెప్పాలి. చెన్నకేశవులు అక్కడే ఉంటాడు, వింటాడు.

తిరిగి వస్తూ బస్టాండులో అతను అడిగాడు.

“నేను తప్పు చెప్పినానా మేడమ్?”

“లేదు నాయనా. సరిగ్గానే చెప్పినావు.”

అతని ముఖం తేటపడింది. బస్సెక్కి, ఊరి పేరు గట్టిగా చెప్పి, టికెట్ తీసుకుని కూర్చున్నాడు. దీనమ్మ గ్రూపు తెరిచి ఆ ఫోటో తీసేయబోయింది. పెట్టి చాలా రోజులయింది కాబట్టి, తన ఫోనులోంచి తప్ప మిగతావాళ్ల ఫోన్లలోంచి అది పోదని తెర మీద కనబడింది.