ఫిట్స్ గురించి చెప్పాం, దెబ్బల గురించి చెప్పలేదు

పాట అయిపోయినా మా ఆయన కుడిచెయ్యి ఆగని రోజున మొదలైంది ఇదంతా.

కల్వకుర్తిలో ఖాజా భాయ్ స్టూడియో అది. బట్టల దుకాణం పైన రెండు గదులు. లోపలి గదిలో మా ఆయన యాదగిరి హెడ్‌ఫోన్ పెట్టుకుని డ్రమ్స్ వాయిస్తున్నాడు. నేను కోరస్ పాడేదాన్ని. అద్దానికి ఇవతల నా వంతు కోసం కూర్చున్నాను. పెళ్లి బరాత్‌లో ఎగిరి ఆడడానికి కట్టిన పాట. ఖాజా భాయ్ ట్రాక్ ఆపేశాడు. యాదగిరి ఎడమచెయ్యి ఆగింది, కాళ్లు ఆగాయి. కుడిచెయ్యి మాత్రం ముందున్న స్నేర్ డ్రమ్ము మీద దడదడా కొడుతూనే ఉంది.

"బస్ బస్ యాదన్నా, పాట అయిపాయె!" అని ఖాజా భాయ్ మైకులో నవ్వాడు. అంతలో చేతిలోంచి కర్ర ఎగిరి వచ్చి అద్దానికి తగిలింది. మా ఆయన తన చెయ్యిని ఎవరిదో చూసినట్టు చూసుకున్నాడు. "ఎవలో పట్టి గుంజినట్టయింది" అన్నాడు. ఖాజా భాయ్‌కి ఆ చివరి మోత నచ్చింది. దాన్ని అట్లాగే పాటలో ఉంచేశాడు. పాట బాగా ఆడింది. ఏ పెళ్లిలో విన్నా ఆ మోత దగ్గర జనం ఈలలు వేసేవాళ్లు. అది జబ్బు చేసిన శబ్దమని అప్పటికి మాకెవరికీ తెలియదు.

యాదగిరి సంగతి కొంచెం చెప్పాలి. దేవరకొండ పక్క పల్లెలో తండ్రి వెంట డప్పు కొడుతూ పెరిగాడు. తెలంగాణ వచ్చాక పల్లెపాటలకు గిరాకీ పెరిగి, ఫోన్లలో చూసే పాటల కోసం టౌన్లలో చిన్న చిన్న స్టూడియోలు వెలిశాయి. రిథమ్ అంతా కంప్యూటర్‌లోనే చేసుకునేవాళ్లు కూడా ఈయన్ని పిలిచి, డ్రమ్స్ మీద ఆ డప్పు దెబ్బ వేయించుకునేవాళ్లు. హెడ్‌ఫోన్‌లో టిక్ టిక్ మని వచ్చే క్లిక్‌కి వెంట్రుకవాసి తేడా రానిచ్చేవాడు కాదు. పాటల మీద ఆయన పేరు మాత్రం ఎప్పుడూ పడలేదు, సెషన్ వాయించేవాళ్ల బతుకే అంత. నేను నారాయణపేట మగ్గాల ఇంటి పిల్లను. మా నాయిన వద్దన్నా ఆ చేతి వాటం చూసే ఈయన్ని చేసుకున్నాను.

కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం అన్నం తింటుండగా వచ్చింది అసలు ఫిట్. ముందు కుడిచెయ్యి కొట్టుకుంది. తర్వాత మనిషంతా వెనక్కి విరుచుకుపడ్డాడు. తల గడపకు తగిలి పగిలింది. కళ్లు తేలేశాడు, నోట్లోంచి నురగ, నురగలో నెత్తురు. మా అత్తమ్మ తాళాల గుత్తి తెచ్చి పిడికిట్లో కుక్కింది. పక్కింటాయన పళ్ల మధ్య గరిటె దూర్చి తిప్పాడు. టక్‌మని ముందుపన్ను విరిగింది. ఆ చప్పుడు నాకిప్పటికీ చెవుల్లోనే ఉంది. "ఎవలో చేసిన్రు నా కొడుక్కి" అని అత్తమ్మ ఏడ్చి, ఒక మంత్రగాణ్ని పిలిపించింది. వాడు సోయి సరిగ్గా లేని మనిషిని వేపమండలతో వాతలు తేలేటట్టు బాదాడు. నేను మండలు లాక్కుని వాడినే నాలుగు వాయించి, ఆటో పిలిచాను.

మహబూబ్‌నగర్‌లో సీటీ స్కాన్ తీసి హైదరాబాద్ పొమ్మన్నారు. అక్కడ ఎమ్మారై, ఈఈజీ. న్యూరో మేడం నెమ్మదిగా చెప్పారు: "బద్దెపురుగు గుడ్లు కడుపులోకి పోయి, మెదడులో ఎడమవైపు చిన్న గడ్డ కట్టింది. న్యూరోసిస్టిసర్కోసిస్ అంటాం. శుభ్రంగా లేని నీళ్లతో, కడగని కూరలతో ఎవరికైనా రావచ్చు. ఆపరేషన్ అక్కర్లేదు. ఫిట్స్‌కి లెవెటిరాసెటమ్ రాస్తున్నా, చెప్పకుండా ఆపొద్దు." ఇంకోటి కూడా చెప్పారు: "ఫిట్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏదీ పెట్టొద్దు." అప్పటికే పన్ను పోయింది.

"డ్రమ్స్ కొట్టొచ్చా మేడం?" అని మా ఆయన అడిగాడు. కొట్టొచ్చు గానీ రాత్రిళ్లు మేలుకోవద్దు, బండి నడపొద్దు అన్నారు. మా పనంతా రాత్రిళ్లే కాబట్టి సగం సెషన్లు పోయాయి. స్కూటీ నేను నేర్చుకున్నాను.

మాత్రలతో ఫిట్స్ ఆగాయి. కోపం మొదలైంది.

ముందు స్టూడియోలో. క్లిక్ చెవిలో మేకు దిగ్గొట్టినట్టుందని హెడ్‌ఫోన్ పీకి నేలకు కొట్టాడు. ఇంకోరోజు డ్రమ్స్ పక్కనుండే ఇత్తడి తాళాన్ని స్టాండుతో సహా ఎత్తి అద్దం మీదికి విసిరాడు. గాజు ముక్కలు ఖాజా భాయ్ ఒళ్లో పడ్డాయి. "యాదన్నకు ఏమైంది వదినె? గిట్లుండె మనిషి కాదు గదా" అన్నాడాయన. తర్వాత ఇంట్లో. పప్పులో ఉప్పు తక్కువైందని కాగుతున్న గిన్నె గోడకు కొట్టాడు. ఫోన్ ఎవరిదని జుట్టు పట్టి ఈడ్చాడు. ఒకసారి మెడ పట్టి తలుపుకు అదిమితే నాకు చూపు నల్లబడింది. కాసేపటికి అదే మనిషి గడపలో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చేవాడు. ఏడుపు చూసి నేను కరిగిపోయేదాన్ని. నాకు నా మీదే అసహ్యం వేసేది.

"బీమారున్నోడు, జర ఓర్సుకో బిడ్డా" అనేది అత్తమ్మ. చెకప్‌కి పోతే నేను బయట బెంచీ మీద కూర్చునేదాన్ని. లోపల ఆయనొక్కడే, "ఫిట్స్ రాలే మేడం, అంత మంచిగనే ఉంది" అని చెప్పి వచ్చేసేవాడు. మొగుడు కొట్టేది ఇంటి సంగతి, దవాఖానలో చెప్పేదేముందని నేనూ అనుకున్నాను. పెళ్లప్పుడు వద్దన్న నాయినకు చెప్పే ముఖం అసలే లేదు.

ఒక ఉదయం నా ఒళ్లు బాగాలేదు, సెషన్‌కు రాను అన్నాను. డ్రమ్ము కర్రతో కొట్టాడు. తలకు అడ్డం పెట్టుకున్న ఎడమ మణికట్టు మీద పడింది. కర్ర విరిగింది, ఎముకా చిట్లింది. పాటకు ఎంత బలం కావాలో అంతే వేసే చెయ్యి అది. నా మీద లెక్క లేకుండా పడింది. ఎక్స్‌రే తీసినచోట బాత్రూంలో జారానని చెప్పి పట్టీ కట్టించుకున్నాను.

ఆ పట్టీ చూసి ఆయన భయపడ్డాడు. "గీ గోలీలే నన్ను పిచ్చోన్ని జేస్తున్నయి" అని మాకెవరికీ చెప్పకుండా మాత్రలన్నీ మోరీలో పారేశాడు. వారం తిరక్కుండా పొద్దున్నే మంచంలోనే ఫిట్ వచ్చింది. ఆగితే మళ్లీ వచ్చింది, మధ్యలో సోయి రాలేదు. అంబులెన్స్‌లో నేను ఆయన్ని పక్కకు తిప్పి పట్టుకున్నాను. ఎగిరే ఆయన మోచెయ్యి నా పెదవి చిట్లగొట్టింది. ఆ దెబ్బ నన్ను బాధపెట్టలేదు.

ఐసీయూ బయట మేడం అడిగారు: "మందు ఎందుకు ఆపాడు?" నేను చెయ్యి కొంగు కింద దాచుకోబోయాను. ఆమె నా చేతి పట్టీ చూశారు. "ఇదేంటి?"

"బాత్రూంలో..." అని మొదలుపెట్టాను.

"కాదు మేడం" అంది నా పక్కనున్న అత్తమ్మ. "నా కొడుకే కొట్టిండు. దినాం కొడుతున్నడు. నేనే ఓర్సుకొమ్మన్న. ఇగ జూడలేను."

మేడం ఆమెను కూర్చోబెట్టారు. "ఈ మాట మొదట్లోనే చెప్పాల్సింది. ఈ మందు పడక కొందరికి విపరీతమైన కోపం వస్తుంది. అట్లా వస్తే మందు మార్చొచ్చు. మార్చడానికి దారి ఉంది, చెప్పకపోతేనే దారి లేదు" అన్నారు. ఇన్నాళ్లూ నేను తిన్న దెబ్బలకు మందు మారిస్తే సరిపోయేదా అని తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

వార్డుకు మార్చాక మా ఆయన కాస్త కోలుకున్నాడు. అప్పుడు అడిగాను.

"మందు వల్లనే అనుకుందాం. ఖాజా భాయ్ మీద ఒక్క దెబ్బన్న వెయ్యలేదు. అద్దం పలగ్గొట్టినవు, ఆయనను కొట్టలేదు. నన్నే ఎందుకు కొట్టినవ్?"

"నువ్వు యాడికీ పోవని" అన్నాడు.

అబద్ధం చెప్పలేదు, అందుకే గుండెలో దిగింది. డిశ్చార్జి అయ్యాక ఆయన్ని అత్తమ్మకు అప్పగించి నారాయణపేట బస్సెక్కాను. మా నాయిన ఏమీ అడగలేదు. "మగ్గం ఖాళీగనే ఉంది బిడ్డా" అన్నాడంతే. పట్టీ విప్పాక మగ్గం మీద కూర్చున్నాను.

పాత మందు మెల్లగా తగ్గిస్తూ కొత్తది పెంచారు. మధ్యలో ఒకసారి చెయ్యి కొట్టుకుందట, మనిషి పడలేదు. కోపం దిగిపోయిందని అత్తమ్మ ఫోన్‌లో చెప్పేది. నేను నమ్మలేదు. చివరికి ఆయనే వచ్చాడు. క్షమించమని కాళ్లావేళ్లా పడలేదు, పడి ఉంటే తలుపు వేసేదాన్ని. "ఈసారి దవాఖాన్లకు నాతోని లోపలికి రా. నేను జెప్పనియి నువ్వు జెప్పు" అన్నాడు.

"మళ్ల చెయ్యి లేస్తే మందు పేరు చెప్పొద్దు" అన్నాను. తలూపాడు.

ఆ మాట మీదే తిరిగొచ్చాను. ఇప్పుడు ఇద్దరం మహబూబ్‌నగర్‌లో ఉంటున్నాం, సెషన్లకు కల్వకుర్తికి బస్సులో పోయి వస్తాం. ఖాజా భాయ్ పగటిపూట సెషన్లు పెడుతున్నాడు, కొత్త అద్దం కూడా వేయించాడు. ఎమ్మారైలో గడ్డ ఎండిపోయి చిన్న మచ్చ మిగిలింది. మా ఆయన మళ్లీ క్లిక్ మీద నిలబడుతున్నాడు, నేను కోరస్ పాడుతున్నాను. చలికాలంలో మణికట్టు పీకుతుంది. వెనక నుంచి గట్టిగా అడుగులు వినిపిస్తే ఇంకా తల దాచుకుంటాను. అది చూసినప్పుడల్లా ఆయన ముఖం మాడిపోతుంది. మాడనీ.

ఇంట్లో ఇలాంటి జబ్బు ఉన్న అక్కాచెల్లెళ్లకు నేను చెప్పేది ఒక్కటే. బయట బెంచీ మీద కూర్చోకండి, లోపలికి వెళ్లండి. ఫిట్స్ సంగతి ఆయన చెప్తాడు, ఇంటి సంగతి మీరు చెప్పండి. మాత్ర ఆపాలా మార్చాలా అన్నది డాక్టరుకే వదిలేయండి.

మొన్న చెకప్‌లో మేడం అడిగారు: "కోపం ఎట్లా ఉంది యాదగిరీ?"

"ఆమెను అడుగున్రి మేడం" అన్నాడు మా ఆయన.

తగ్గిందని చెప్పాను. తగ్గింది కాబట్టే చెప్పాను. లేకపోతే నేను బస్సెక్కుతానని ఇప్పుడు ఆయనకు తెలుసు.