ఈకలొచ్చేదాకా లోపలే

చేపపిల్లకు ఈత నేర్పాలా అంటారు. ఆ సామెతను బాతుపిల్లలకూ వర్తింపజేయడమే మదార్‌బీ చేసిన తప్పు.

ఆమె ఆళ్లగడ్డలో బొంతలు కుడుతుంది. కేసీ కాలువ కింద వరికోతలయ్యాక బాతుల మందను తోలుకొచ్చే గురుస్వామి, పోయినేడు ఆమెకు కొన్ని గుడ్లిచ్చాడు. వాటిని కోడిపెట్ట కింద పొదగేసింది. పిల్లలు లేచిన మరునాడే గంగాళం నిండా నీళ్లు పోసి, వీధివాళ్లను పిలిచి మరీ అందులో వదిలింది. అవి గిరగిరా తిరుగుతుంటే అందరూ చప్పట్లు కొట్టారు. కాసేపటికే నూగు తడిసి బరువెక్కి మునగసాగాయి. తీసి గంప కింద పెట్టినా, వణికి వణికి పొద్దుగూకేసరికి ఒక్కటీ మిగల్లేదు.

ఈ ఏడు మళ్లీ వచ్చిన గురుస్వామి విని తల కొట్టుకున్నాడు.

"తల్లిబాతు రెక్కల కింద దూరితే దాని జిడ్డు పిల్లకంటుతాది తల్లీ. నీళ్లు జారిపోతాయి. నీ కోడికి జిడ్డు యాడిది? ఈకలొచ్చేదాకా ఇంట్లోనే పెట్టుకో. తాగనీ, మునగనీయొద్దు."

చేతులారా చంపుకున్నానే అని ఏడాదిగా కుమిలిన మనిషి మదార్‌బీ. ఈసారి ఒక్కటి కూడా పోకూడదని పట్టుబట్టి మళ్లీ గుడ్లు తీసుకుంది.

ఇల్లంతా కలిపి ఒకటే గది, ముందొక వసారా. పిల్లలు లేవగానే గదిలోని మంచం ఎత్తి గోడకు నిలబెట్టింది. చుట్టూ అట్టలు కట్టి, కింద ఊక పోసి, పైన బల్బు వేలాడదీసింది. నీళ్లు పళ్లెంలోనే. అందులోనూ శిల్పాలు చెక్కేచోట ఏరుకొచ్చిన రాతిముక్కలు పేర్చింది. ముక్కు మునగాలి, ఒళ్లు మునగకూడదు. అయినా బాతు బాతే కదా! తాగింది సగం, చిమ్మింది సగం. తడిసిన ఊక ఎత్తడం, పొడి ఊక పోయడం, పూటపూటకూ ఇదే చాకిరీ.

ఊరంతా తిరిగి స్టవ్వులు, కుక్కర్లు బాగుచేసి వచ్చే ఆమె మొగుడు దాదా ఖలందర్ గుమ్మంలోనే ముక్కు మూసుకునేవాడు.

"ఏందే ఈ కంపు? నేను యాడ పండుకోవాల?"

"వసారాలో. నేనూ ఆడనే పండుకుంటాండా కదా."

"మనుషులు బయట, బాతులు లోపలా!"

"నువ్వు తడిసినా చావవు. అవి చస్తాయి."

తొలివాన పడిన రోజు పిల్లలు అట్టలెక్కి దూకబోయాయి. పక్కింటి భారతమ్మ వాకిట్లోకొచ్చి, "ఇడిసిపెట్టు మదార్‌బీ, వానంటే వాటికి పెండ్లి!" అంది. మదార్‌బీ ఒకదాన్ని పట్టుకుని రెక్క ఎత్తి చూసింది. అడుగున ఇంకా పచ్చటి నూగే.

"ఇడవను" అని తలుపేసుకుంది. మదార్‌బీ బాతులకు ఘోషా పెట్టిందని వీధి వీధంతా నవ్వింది. నవ్వితే నవ్వనీ అనుకుంది.

నూగు రాలింది. రెక్కల కింద కూడా ఈకలు దట్టంగా వచ్చాయి. ఒక పొద్దున వాటిని వీధి చివరి వంక దగ్గరకు తోలుకుపోయింది. అవి నీళ్లలో దిగుతుంటే ఒక్కొక్కదాన్నే లెక్కపెట్టుకుంది. ఒకటి మునిగి లేచింది. నీళ్లు వీపు మీంచి జారిపోయాయి. ఒక్కటీ తడవలేదు. మదార్‌బీ గట్టున కూలబడి, సంతోషం పట్టలేక ఏడ్చేసింది.

దాదా ఖలందర్ పాత రేకులతో పెరట్లో గూడు కట్టాడు. సాయంత్రం వంక నుంచి వచ్చిన బాతులు గూడువైపు చూడనైనా చూడలేదు. నేరుగా గది తలుపు దగ్గరకొచ్చి ముక్కులతో పొడుస్తూ అరిచాయి. మదార్‌బీ వాటిని గూట్లోకి తోలి, తాను లోపలికొచ్చి గడియ పెట్టింది. గూట్లోంచి అరుపులు మరీ ఎక్కువయ్యాయి.

"పాపం, బెదిరినట్లుండాయే. ఈ ఒక్కరోజుకు లోపలికి రానీ" అన్నాడు దాదా ఖలందర్. ఇన్నాళ్లూ బయట పడేయమని పోరింది ఈ మనిషే.

"ఈ పొద్దు రానిస్తే రేపూ ఈడికే వస్తాయి. వాటి ఇల్లు అదని తెలియాల."

మాట గట్టిగానే అంది. తలుపుకు వీపు ఆనించి కూర్చుంది. అరుపులు ఆగేదాకా కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. గడియ మాత్రం తీయలేదు.