నిమ్మతోట పక్కన జామాయిల్

మాది దుత్తలూరు పక్క మెట్ట పల్లె. నేను ఆత్మకూరులో ఇంటర్ పిల్లలకు సైన్సు చెప్తాను. క్లాసులో సగం మంది కునికిపాట్లు పడతారు. నేను చెప్పేది శ్రద్ధగా వినేది లోకంలో మా నాయన ఒక్కడే. అదే ఆయన కొంప ముంచింది.

"లోకం వదిలే పొగలో సగం దాకా నేలా, సముద్రమూ మింగేస్తున్నాయి నాయనా. లేకుంటే ఈపాటికి మాడి మసయ్యేవాళ్ళం" అన్నాను ఒక ఆదివారం. అట్లా మింగి మింగి సముద్రం పులుపెక్కుతుండాదని కూడా చెప్పినాను.

"సముద్రమే పులిస్తే ఇంక మన నిమ్మకాయలు ఎవుడు కొంటాడు పాపా?" అన్నాడు నాయన దిగులుగా. తన పెళ్ళికి ముందు ఆయన భుజాన కావడేసి నీళ్ళు మోసి పెంచుకున్న తోట అది. ఆయనకు లోకమంటే ఆ తోటే.

నవ్వి ఊరుకోవచ్చు గదా! ఉపన్యాసం ఎత్తుకున్నాను. తోట పక్క బీడులో జామాయిల్ పెట్టమన్నాను. బిరబిరా పెరుగుతాది, పెరిగేకొద్దీ గాల్లో పొగ లాగేస్తాది, పుణ్యం మనది. "నీళ్ళు గూడా లాగుతాదంటారే" అని నాయన నసిగితే, "అన్నీ నీకే తెలుసు" అని నోరు మూయించినాను. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అనలేదు.

జామాయిల్ మాత్రం నా పరువు నిలబెట్టింది. మూడేళ్ళకే తలెత్తి చూడాల్సినంత పెరిగింది. వచ్చినోళ్ళందరికీ చూపించి, లోకాన్ని నేనే ఉద్ధరిస్తున్నట్టు ఫోజు కొట్టినాను. పక్కనే నిమ్మచెట్లు ఆకు ముడుచుకుంటుంటే ఎండల్ని తిట్టినాను. వానల్లేవు, నిజమే. ఉన్న కాస్త ఊటనూ జామాయిల్ వేళ్ళు తాగేసినాయి. బోరు ముందు దగ్గింది, తర్వాత దగ్గడం కూడా మానేసింది. నీళ్ళు లేని చెట్టు కాయా కాయదు, పొగా మింగదు. ఈ ముక్క కూడా నా పుస్తకంలోనే ఉండాది, తర్వాతి పేజీలో.

మొన్న ఎండాకాలం నిమ్మతోట కొట్టించేసినాము. మొద్దులన్నీ ట్రాక్టరుకెత్తి ఇటుకల బట్టీకి పంపుతుంటే నాయన గట్టు మీద నిలబడి చూసినాడు. తిడతాడేమోనని కాసుకొని ఉండాను. తిట్టినా బాగుండు.

ట్రాక్టరు కదిలినాక నా పక్కకి తిరిగి, "ఆ బట్టీ పొగ గూడా మన జామాయిలే మింగుతాది గదా పాపా?" అన్నాడు.

ఎగతాళి కాదు. నిజంగానే అడిగినాడు.

"మింగుతాది నాయనా" అన్నాను.