బోణీ బెల్లం

రాబర్ట్‌సన్‌పేట బజారులో కిరాణా అంగడి ఉన్న వసంతమ్మకు మనవరాలి మెడ మీద కోపం వచ్చింది. పదిహేనేళ్ల వినుత మెడ వెనక నల్లటి పట్టీలా ఏదో పేరుకుంది. అది మురికేనని వసంతమ్మ తీర్మానం. ప్రతి ఆదివారం శనగపిండిలో పెరుగు కలిపి రుద్దింది. పోలేదు. నిమ్మచెక్కతో రుద్దింది. మెడ మండింది గానీ నలుపు కదల్లేదు.

"అవ్వా, ఇది మెడ. నీ ఇత్తడి చెంబు కాదు," అని మూలిగింది వినుత.

"చెంబైతే ఈపాటికి మెరిసుండు. గమ్మునుండు."

వసంతమ్మ చదివింది నాలుగో తరగతి. మిగతా లోకాన్నంతా అడిగి తెలుసుకుంది. పొట్లం కట్టి దారం చుట్టే లోపలే ఎదుటివాళ్ల ఇంటి సంగతులన్నీ రాబట్టేస్తుంది. ఉప్పు కోసం వచ్చిన నర్సు నాగరత్నను కూడా వదల్లేదు. వినుతను వెనక్కి తిప్పి, "ఈ మురికికి మీ ఆస్పత్రిలో ఏమైనా మందుండాదా?" అని అడిగింది.

నాగరత్న నవ్వలేదు. "రుద్దేది ఆపక్కా. ముందు రక్తం చూపియ్యి."

"మురికికి రక్తం ఎందుకమ్మా?"

"మురికి కాదు గనకనే."

మరునాడే ఆస్పత్రికి వెళ్లారు. రక్త పరీక్ష ఫలితం చూసి డాక్టరమ్మ నిదానంగా చెప్పింది. "షుగర్ జబ్బు ఇంకా రాలేదమ్మా. పిల్ల దాని గడప దగ్గరికి పోయి నిలబడింది. ఒంట్లో చక్కెరను సర్దే ఇన్సులిన్ పనిచేసి పనిచేసి అలసిపోతా ఉండాది. మెడ మీది నలుపు దాని గుర్తే. ఇప్పుడు జాగ్రత్తపడితే వెనక్కి రావచ్చు."

"నా వయసోళ్లకు రావాల్సింది ఈ పిల్లకెట్ల వచ్చింది? ఇంగా పదో క్లాసు గదా."

"మన దేశంలో ఈ వయసు పిల్లల్లో పదిమందికి ఒకరు సుమారుగా ఇట్లనే ఉండారు. నొప్పీ ఉండదు, జ్వరమూ ఉండదు. అందుకే తెలిసేది లేదు. సరే, తీపి బాగా తింటాదా?"

"ముట్టనే ముట్టదు. కాఫీలో కూడా అర చెంచానే."

వినుత పైకప్పు వైపు చూసింది. "మరి బోణీ, అవ్వా?"

"అది తిండి కాదు గదే. అది బోణీ."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది.

వినుత బుడిబుడి అడుగులు వేసే రోజుల్లో ఒక పొద్దున నోట్లో అచ్చుబెల్లం పెట్టుకుని అంగడి మెట్ల మీద కూర్చుంది. ఆ రోజు గిరాకీ విరగబడింది. ఆనాటి నుంచి అంగడి తలుపు తీయగానే మొదటి బెల్లం ముక్క వినుత నోట్లో పడాల్సిందే. సాయంత్రం దీపం పెట్టేముందు మరొకటి. పిల్ల పెరిగిన కొద్దీ ముక్కా పెరిగింది. కొత్త మూట విప్పితే ఖర్జూరం, ఎండల్లో అమ్మకం మందగిస్తే చల్లటి కూల్‌డ్రింకు సీసా, చిరిగిన ప్యాకెట్లోని బిస్కెట్లు వేరే. చిరిగినవి అమ్ముడుపోవు గనుక వాటినీ వసంతమ్మ తిండి కింద చూడలేదు.

"నాకు బెల్లం అంటే ఎప్పుడో వెగటు పుట్టిందవ్వా. నీకు బాధవుతాదని మింగినాను," అంది వినుత, ఆస్పత్రి నుంచి తిరిగొచ్చే ఆటోలో.

 

మరునాడు వసంతమ్మ అంగడి తలుపు తీసింది. చేయి అలవాటుగా బెల్లం బుట్టలోకి వెళ్లి, ఖాళీగా బయటికి వచ్చింది. వేయించిన వేరుశనగలు నాలుగు మనవరాలి నోట్లో వేసి, పొట్లం ఒకటి చేతికిచ్చింది. "గనిలో పనిచేసి రిటైరైన ఓబలప్పకు మోకాళ్ల నొప్పి, అంగడికి రాలేడు. ఆయనింటికి పోయి ఇచ్చిరా. నడిచి పోవాల. ఇంగమీదట ఇదే మన బోణీ."

వినుత వెళ్లింది. అంగడికి మాత్రం ఒక్కరూ రాలేదు. వసంతమ్మ మాటిమాటికీ బెల్లం బుట్ట వైపు చూసింది. కొడుకు అశ్వత్థనారాయణ తల్లి ముఖం చూసి, "అమ్మా, వాన పడతా ఉండాది. బెల్లం తప్పేమీ లేదు," అన్నాడు.

వాన వెలిశాక ఇద్దరు ఆడవాళ్లు పిల్లలతో వచ్చారు. వసంతమ్మ పప్పు తూకం వదిలేసి పిల్లల కాలర్లు వంచి మెడలు చూసింది. విషయం బజారంతా పాకింది. తల్లులు పిల్లల్ని లాక్కొచ్చారు. ఊరికే మెడ చూపించుకుని పోవడానికి మొహమాటపడి కందిపప్పో చింతపండో కొన్నారు. నలుపున్న పిల్లల్ని వసంతమ్మ నాగరత్న దగ్గరికి తరిమింది.

మూడు నెలలు గడిచాక డాక్టరమ్మ మళ్లీ రక్తం చూసింది. "గడప దిగి ఇంటి దారి పట్టింది. మెడ తెల్లబడేదానికి ఇంకా టైం పడతాది. నడక మాత్రం ఆపొద్దు."

"ఓబలప్ప తాత ఆపనియ్యడు. నేను పోకపోతే ఫోన్ చేసి తిడతాడు," అంది వినుత.

వసంతమ్మ ఆనందంగా లేచింది. డాక్టరమ్మ ఆమె వైపు తిరిగింది. "ఊరందరి మెడలూ చూసినారంట. మీ రక్తం ఎప్పుడు చూపించినారు?"

 వసంతమ్మ తలుపు వైపు ఒక అడుగు వేసింది. వినుత అవ్వ భుజాలు పట్టి తిరిగి కుర్చీలో కూర్చోబెట్టి, చీర చెంగు పక్కకు జరిపి మెడ వెనక చూసింది.

"ఏముండాదే?" అంది వసంతమ్మ, డాక్టరమ్మ చేతిలోని సూదిని చూసి కళ్లు మూసుకుంటూ.

"గమ్మునుండు," అంది మనవరాలు.