బామ్మర్ది వేలూ, ఒంటిముక్క కత్తీ

ఆ మేస్త్రి అసలు పేరు వాళ్లావిడకైనా గుర్తుందో లేదో. వీధి వీధంతా ఆయన్ని ఒంటిముక్క మేస్త్రి అనే పిలిచేది. అడవులూ కొండలూ పట్టుకు తిరిగేవాళ్లు నడుముకు కట్టుకునే కత్తులు చేస్తాడాయన. మడిచే రకం కాదు. మొన నుంచి పిడి చివరిదాకా ఒకే ఉక్కు పలక. చెక్క లేదు, రివెట్టు లేదు, మరమేకు లేదు. అతుకు లేనిదానికి ఊడేదేముందని ఆయన వాదం.

పనివాడి చేతిలో ఏదో దైవాంశ ఉంటుందని పుస్తకాల్లో రాస్తుంటారు. ఈయన చేతిలో ఉన్నవి కాయలు. చిక్కంతా వాటితోనే వచ్చింది. అరచెయ్యి చెప్పుతోలులా గట్టిపడినవాడికి ఏ పిడి పట్టుకున్నా పూలచెండే. కొన్నవాళ్ల సంగతి వేరు. ఒకాయన బొబ్బ చూపించి పోయాడు. ఇంకొకాయన పొద్దున పట్టుకుంటే మంచుగడ్డ, మధ్యాహ్నం పట్టుకుంటే పెనం అన్నాడు. ఇక ఇల్లాలు చెక్కపిడి చాకు వదిలి మొగుడి కత్తిని ముట్టిన పాపాన పోలేదు.

"నువ్వే పట్టుకోకపోతే ఊళ్లోవాళ్లు ఎందుకు పట్టుకుంటారే?"

"దాంతో ఉల్లిపాయ కోస్తే, ఉల్లిపాయ ఘాటు తగిలేలోపే నాకు ఏడుపొస్తుంది. ఇక ఉల్లిపాయని ఆడిపోసుకోవడం ఎందుకు?"

ఇంట్లో మాటలు ఎన్నైనా దులిపేసుకోవచ్చు. జనాన్ని కొండలెక్కించే గైడ్ల బృందానికి పెద్ద అయిన ఒకావిడ మాత్రం దులుపుకుంటే పోయే మనిషి కాదు. "పదును బ్రహ్మాండం మేస్త్రీ. చేతికే హాయిగా లేదు. ఇంకొక్కటి చెయ్యండి. అదీ ఇలాగే ఉంటే మాకు చెక్కపిడి వేసివ్వండి, లేదా వేసేవాళ్ల దగ్గరికి పోతాం" అని చెప్పి వెళ్లింది. మేస్త్రికి అన్నం సయించలేదు. తన ఉక్కుకి చెక్క తగిలించడమంటే ఆయన దృష్టిలో, కాళ్లున్నవాడికి కర్రకాళ్లు కట్టడమే.

అయితే హాయి అనే మాటను ఆయన తనకు తెలిసిన భాషలోకి మార్చుకున్నాడు. జారకపోవడమే హాయి. అందుకని పిడి మొదట్లో, చూపుడువేలు దూర్చడానికి ఉక్కులోనే గుండ్రంగా ఒక రింగు తొలిచాడు. కొలత ఎవరిది? తనదే. వెదురుపుల్లలాంటి వేలు.

ఆవిడ వచ్చే రోజు మధ్యాహ్నం పరీక్ష పెట్టాడు. ఆయన దగ్గర ప్రతి కత్తికీ ఒకటే పరీక్ష: బామ్మర్ది చేతికి నూనె రాసి, ఒర తొడిగి బిగించిన కత్తి పట్టించడం, ఒర వైపు నుంచి తాను లాగడం. బామ్మర్ది బేకరీలో పిండి పిసుకుతాడు. పిసికీ పిసికీ వేళ్లు అరటిపళ్లయ్యాయి.

"దూరట్లేదు బావా."

"ఇంకాస్త నూనె పోస్తానుండు. ఆ... దూరింది చూశావా?"

దూరింది. లాగాడు. జారలేదు. గోడకు కాలు తన్నిపెట్టి లాగాడు. బామ్మర్ది మూడడుగులు ముందుకొచ్చాడు గానీ కత్తి రాలేదు.

"జారలేదు!" అని మేస్త్రి గంతేశాడు.

"సంతోషం. ఇక తియ్యి."

తియ్యడం ఎవరి తరమూ కాలేదు. సబ్బు రాశారు, దారం చుట్టారు, చన్నీళ్లలో ముంచారు. వేలు పగబట్టినట్టు ఇంకా ఉబ్బింది. వేరే కత్తయితే మరలు విప్పి పిడి ఊడదీసేవాళ్లు. ఇక్కడ విప్పడానికి ఏముంది?

ఇల్లాలు నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. "అతుకు లేదన్నారుగా. ఇప్పుడు మా తమ్ముడు అతుక్కున్నాడు. రంపం తెచ్చి కొయ్యండి."

"వేలా?"

"రింగు! దేవుడా, ఈయనకు అనుమానం కూడా ఉంది!"

"సాయంత్రం ఆవిడొస్తుంది. ఉన్నది ఈ ఒక్క కత్తే. రింగు పోతే ఇక అందులో విశేషమేముంది?"

బేరం కుదరలేదు. బామ్మర్ది ఎడమచేత్తో అన్నం తిన్నాడు, కుడిచెయ్యి దిండు మీద పెట్టి కునుకు తీశాడు. లేచాక మొదలెట్టాడు. "బావా, బొటనవేలి మొదట్లో రూపాయి బిళ్ల అంచులా ఒత్తుకుంటోంది. కింద చివర మా అక్క మోచెయ్యిలా పొడుస్తోంది. మధ్యలో మాత్రం బాగుంది."

మేస్త్రికి అప్పుడు తట్టింది. ఇన్నేళ్లలో ఆయన కత్తిని ఒక పూట పాటు వదలకుండా పట్టుకున్న మొదటి మనిషి వీడే. పాపం, వదిలే వీలు లేక. జారిందా అని తప్ప, ఎక్కడ ఒత్తుకుంటోందని తాను ఎవరినీ అడిగిన గుర్తు లేదు.

"ఇటు రా" అన్నాడు.

ఒర తొడిగిన కత్తిని బల్ల అంచున ఉన్న ఇనప వైసులో బిగించాడు. కత్తితోపాటు బామ్మర్దీ బల్లకు బిగుసుకున్నాడు. "మిగతా వేళ్లు తియ్యి" అంటాడు, ఆకురాయితో రెండు రుద్దులు రుద్దుతాడు. "పట్టుకో" అంటాడు.

"ఇంకా ఒత్తుతోంది."

"ఇప్పుడు?"

"ఆహా. అక్కడ వదిలెయ్. అబ్బా, నా గోరు బావా, అది ఉక్కు కాదు!"

అంచులు గుండ్రబడ్డాయి. అరచెయ్యి ఆనేచోట కాస్త గుంట పడింది. పిడి చివర మొద్దుబారింది. ఆ స్థితిలో గైడు పెద్దావిడ గుమ్మంలోకొచ్చి, బల్లకు బిగించి ఉన్న మనిషిని కిందికీ పైకీ చూసింది.

"కత్తితోపాటు ఈయన్ని కూడా ఇస్తారా?"

"తిండి ఎక్కువండీ, మీకు గిట్టుబాటు కాదు" అంది ఇల్లాలు లోపల్నుంచి.

మేస్త్రి రింగు గొప్ప గురించి ఎత్తుకోబోయాడు. ఆవిడ ఆపింది. "చలికి మేం గ్లవుజులు తొడుక్కుంటాం. ఆ బెజ్జంలో మా వేళ్లు దూరవు. దూరితే ఏమవుతుందో ఎదురుగానే కనిపిస్తోంది."

మేస్త్రి బామ్మర్ది వేలు చూశాడు. వంకాయ రంగుకు తిరుగుతోంది. తన రింగు చూశాడు. నిట్టూర్చి, వేలికీ ఉక్కుకీ సందున రేకుముక్క దూర్చి, నీళ్లు పోస్తూ రంపం పెట్టాడు. పిడి వైపు ఉక్కును మెత్తగా ఉంచడం మంచిదైంది, లేకపోతే రంపానికి లొంగేది కాదు. "ఇంత కష్టపడి తొలిచింది ఇందుకా దేవుడా" అని ఆయనా, "మెల్లగా బావోయ్" అని వాడూ, ఇద్దరూ ఒకే శ్రుతిలో మూలిగారు. రింగు ఊడి కింద పడింది. మిగిలిన మొండి కొసలు రెండూ రుద్ది నున్నగా చేశాడు.

ఆవిడ గ్లవుజు తొడుక్కుని కత్తి అందుకుంది. అరటిపండు వేళ్లకోసం అరగదీసిన పిడి గ్లవుజు చేతిలో ఇమిడిపోయింది. తాడు కోసింది, కట్టెపుల్ల చెక్కింది. పుల్ల చెక్కుతూనే ఇల్లాలితో కొండమీద వానల గురించీ తన మోకాలినొప్పి గురించీ చెప్పుకుపోయింది. ఆవిడ మాట్లాడుతూ మాట్లాడుతూ, "సరే, చీకటి పడేలోపు వెళ్తాను" అని మెట్లు దిగి వెళ్లిపోయింది.

"బావా, ఏం చెప్పలేదు. కత్తి కూడా ఇవ్వలేదు!"

"పిలువురా!"

పిలిచే పని లేకపోయింది. ఎదుటి టీకొట్టు దగ్గర ఆవిడ గ్లాసు అందుకోబోయి, టీ పోసేవాడు రెండు చేతులూ పైకెత్తేసరికి, తన చేతివంక చూసుకుంది. నవ్వుకుంటూ వెనక్కొచ్చింది.

"చేతిలో ఉన్న సంగతే మర్చిపోయాను మేస్త్రీ. ఇలాంటివే కావాలి, బృందం మొత్తానికి. చెక్కా గిక్కా ఏం వద్దు."

మేస్త్రి తల ఊపాడు, ఊపుతూనే ఉన్నాడు.

"అన్నట్టు, మాలో ఎడమచేతివాటం వాళ్లూ ఉన్నారండోయ్" అందావిడ.

మేస్త్రి చూపు మెల్లగా బామ్మర్ది ఎడమచెయ్యి మీదికి మళ్లింది. అప్పటికే అక్కడ చెయ్యీ లేదు, బామ్మర్దీ లేడు. వీధి మలుపులో చెప్పుల చప్పుడు మాత్రం వినిపించింది.