మూసుకుపోయిన ముక్కు, కాలుతున్న పసుపుకొమ్ము

మీ బొడ్డు పక్కన గోరంత కాలిన మచ్చ ఉందా? ఉంటే, అది ఎందుకు పెట్టారని మీ ఇంట్లో ఎన్నడైనా నిలదీశారా?

నాకుంది. పసితనంలో జలుబు చేసి నేను పాలు మానేస్తే, పసుపుకొమ్మును దీపానికి ముట్టించి నన్ను కన్న అవ్వే పెట్టిన సురుకు అది. పంతొమ్మిది వందల అరవైల మొదట్లో నేను తొలికాన్పుకు పానగల్ దగ్గరి తల్లిగారింట్లో ఉన్నాను. నెల దాటిన నా బిడ్డకూ అట్లాగే జలుబు చేసింది.

చలికాలపు పొద్దు. మా గొర్రెల మంద ఇంకా దొడ్లోనే ఉంది. బిడ్డ రొమ్ము పట్టడం, రెండు గుక్కలు తాగడం, ఊపిరందక వదిలేసి ఏడవడం. అవ్వ వాము మూటను పెనం మీద వెచ్చబెట్టి ఛాతీకి కాపడం పెడుతూనే ఉంది. చివరికి ఆమె చెయ్యి గూట్లోని పసుపుకొమ్ము మీదికి పోయింది. కొస ముట్టించింది.

"సురుకు వద్దవ్వా," అంటూ బిడ్డను గొంగడిలోకి లాక్కున్నాను.

"మరి పాలెట్ల తాగుతది? నీకు పెట్టలేదానే? బతికి నా మీదికే నోరు లేపుతున్నవు!"

సురుకు పెట్టిన బిడ్డ బతికితే సురుకు బతికించిందట. పోతే దాని ఆయుష్షు అంతేనట. ఎటు తిరిగినా ఓడని వాదం అది. నేను చదివిన తర్కమేదీ దాని ముందు నిలవదు. దొడ్లో ఒక గొర్రె అరిచింది.

"గొర్రెపిల్లలకు గూడ సురుకు పెడ్తవు గదవ్వా. పెట్టినయన్ని బతికినయా?"

దిష్టి గురించీ శకునాల గురించీ అవ్వ ఎంతైనా కల్పించి చెప్పేది. మంద విషయంలో మాత్రం ఆమెకు అబద్ధం రాదు. ఏ పిల్ల ఏ తల్లిదో, ఏది ఎట్లా పోయిందో అంతా ఆమె కండ్ల ముందుండేది.

"బతకలే," అన్నది. "పెట్టనియ్యి గూడ కొన్ని బతికినయి."

"మరి?"

"మరేందే మరి! దొర పంచాయితి చేసినట్టు అడుగుతున్నవు. ఇటు తే పిల్లను."

పసుపుకొమ్మును బూడిదలో గుచ్చి ఆర్పింది. అప్పుడే పుట్టిన గొర్రెపిల్లకు చేసినట్టే, బిడ్డ ముక్కు మీద నోరు పెట్టి చీమిడి పీల్చి ఉమ్మింది. మళ్ళీ పీల్చింది. బిడ్డ ఇల్లదిరేలా ఏడ్చింది.

"ఏడువు బిడ్డా, ఏడ్సి మీ అమ్మను తిట్టు," అని నా ఒళ్ళో పెట్టింది.

బిడ్డ రొమ్ము పట్టింది. ఈసారి వదల్లేదు.

ఆ గుటకల చప్పుడు కోసం ఈ వయసులోనూ నా చెవి వెతుకుతుంది. బిడ్డ తన సంసారంలో తానుంది. అవ్వ లేదు. ఆమె చేతి వాము వాసన, బిడ్డ తాగుతున్నంతసేపూ నా వీపు మీద ఆనిన ఆమె అరచెయ్యి, ఏవీ తిరిగి రావు. నాతో వాదించడానికి నేను మాట్లాడిన సభల్లో ఎందరో దొరికారు. తన కండ్లతో చూసినదాన్ని అడగగానే ఒప్పుకొని, అప్పటికప్పుడు చేతిలోది ఆర్పేసిన మనిషి మాత్రం మళ్ళీ దొరకలేదు. ఆమె ఉంటే ఇంకా ఎన్నింటి మీద పోట్లాడేదాన్నో!

కానీ సురుకులు మన ఇళ్ళల్లో ఇంకా పోలేదు. మీ పసిబిడ్డకు ముక్కు మూసుకుపోతే తడిబట్టతో మెత్తగా తుడవండి. తల ఎత్తి పట్టుకొని కొంచెం కొంచెంగా పాలివ్వండి. పాలు ముట్టకపోయినా, ఊపిరికి డొక్కలు ఎగరేస్తున్నా దవాఖానకు ఉరకండి. నిప్పుతో వచ్చే చెయ్యి మీకు ప్రాణమైనవాళ్ళదే అయినా సరే, పట్టి ఆపండి.